తిరుపతమ్మ సాళ్లు

పత్తి చేలో సాళ్లకు మనుషుల పేర్లుంటాయంటే బయటివాళ్లు నమ్మరు. ఆలూరు పక్క విత్తనపత్తి వేసే చేలల్లో ఉంటాయి. విత్తనపత్తి మామూలు పత్తి కాదు. ఆడచెట్ల మొగ్గలను మధ్యాహ్నంపూట ఒక్కొక్కటే గోటితో విప్పి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు రంగు కాగితం తగిలించాలి. మరునాడు పొద్దున మగచెట్ల పూలు కోసుకొచ్చి వాటికి అద్దాలి. దీన్ని అందరూ క్రాసింగు పని అంటారు. మొగ్గ చిదిగితే కాయ రాదు, అందుకని సన్నటి వేళ్లు కావాలి. చెట్టు పెద్దవాళ్ల నడుము దాకా ఉంటుంది, అందుకని వంగకుండా పనిచేసే పొట్టి ఒళ్లు కావాలి. ఈ రెండూ ఉండేది పది పన్నెండేళ్ల ఆడపిల్లలకు. దేవుడు ఆ వయసు ఆడపిల్లలను విత్తనాల వ్యాపారం కోసమే పుట్టించాడని పత్తికొండ మునిరత్నం లాంటి పెద్దమనుషుల నమ్మకం.

మునిరత్నానికి పత్తికొండలో ఎరువుల అంగడి ఉంది. ఏటా ఏదో ఒక ఊళ్లో చేను గుత్తకు తీసుకొని కంపెనీకి విత్తనం పండించి ఇస్తాడు. ఊరు మారుతుంది కానీ పద్ధతి మారదు. ఇంటికొక ఆడపిల్ల, ఆ పిల్లకు కొన్ని సాళ్లు. ఆ సాళ్లను ఆ పిల్ల పేరుతోనే పిలుస్తారు. అక్క తప్పుకొంటే చెల్లెలు దిగుతుంది, పేరు మాత్రం అక్కదే నిలుస్తుంది. గట్టు పక్క మొదటి సాళ్లను అందరికంటే చేతివేగం ఉన్న పిల్లకు ఇస్తారు. కరిబసాపురం దేవేంద్రప్ప పెద్దకూతురు తిరుపతమ్మకు పదకొండో ఏట ఆ గౌరవం దక్కింది. అప్పటి నుంచి మునిరత్నం ఏ ఊళ్లో చేను పట్టినా గట్టు పక్కవి తిరుపతమ్మ సాళ్లే.

ఆ ఏడే చేలోకి జీపు వచ్చింది. జీపు వస్తే పిల్లలు పక్క కందిచేలో పడుకోవాలని మేస్త్రి ముందే నేర్పి పెట్టాడు. అందరూ పరుగెత్తారు. తిరుపతమ్మ మాత్రం చేతిలో ఉన్న పువ్వు అద్దేసి పోదామని ఆగింది. ఆ ఆగడమే ఆమె జాతకాన్ని మార్చింది. జీపు దిగిన సుందరలక్ష్మి మేడం ఆమె చెయ్యి పట్టుకుంది. పిల్లల సంక్షేమం చూసే ఆఫీసులో ఉద్యోగం ఆమెది. మెడలో గుర్తింపు కార్డు, భుజాన సంచి, ఎవరినీ గదమాయించని గొంతు. దేవేంద్రప్పతో మాట్లాడి ఒప్పించి, తిరుపతమ్మను ఆలూరులో ఆడపిల్లల హాస్టలు బడిలో చేర్పించింది.

బడి గేటు దగ్గర తిరుపతమ్మ అడిగింది. "మేడం, నీ మాదిరి జీపులో తిరగల్లంటే ఏం చదవల్ల?"

మేడం నవ్వింది. "ఎమ్మెస్‌డబ్ల్యూ చదవాలి. ముందు డిగ్రీ, ఆ తర్వాత ఇంకో రెండేళ్లు. అప్పుడు నీలాంటి పిల్లలను నువ్వే తీసుకురావచ్చు."

ఆ మాట తిరుపతమ్మ మనసులో నాటుకుపోయింది. హాస్టల్లో ఆడపిల్లలు టీచరవుతాను, పోలీసవుతాను అని చెప్పుకునేటప్పుడు ఆమె ఎమ్మెస్‌డబ్ల్యూ అనేది. అదేమిటో పక్కవాళ్లకు తెలియదు, నిజానికి ఆమెకూ తెలియదు. జీపు దిగి చెయ్యి పట్టుకునే చదువు అని మాత్రం తెలుసు.

అక్కడ చేలో ఆమె సాళ్లు ఖాళీగా ఉండలేదు. తల్లి గంగక్క దిగింది. మొరటు వేళ్లకు మొగ్గలు చిదుగుతున్నాయని మునిరత్నం సణిగేవాడు. చిన్నకూతురు శివాని అప్పటికి ఇంకా చంకన ఉంది. అక్క కంటే ఎనిమిదేళ్లు చిన్నది. ఆ పిల్లకు పదేళ్లు రాగానే దేవేంద్రప్ప మాట కదిపాడు. ఇంటర్ చదువుతున్న తిరుపతమ్మ ఇంటికొచ్చి అంతెత్తున లేచింది.

"దాన్ని చేనుకు పంపితే నేను పోయి మేడంకు చెప్తా నాయనా. జీపు మన ఇంటి ముందరికే వస్తాది, చూసుకో."

దేవేంద్రప్ప నోరు మూసుకున్నాడు. గంగక్క నడుము పట్టుకొని ఇంకో మూడేళ్లు ఆ సాళ్లలోనే వంగింది. శివాని ఊరి బడిలో ఏడో తరగతి పాసైంది. హాస్టలు బడిలో ఎనిమిదో తరగతికి సీటు కూడా వచ్చింది. అప్పటిదాకా తిరుపతమ్మ మాట నిలబెట్టుకున్న మనిషే. ఇది మొదటే చెప్పడం ఎందుకంటే, తర్వాత జరిగినదంతా చూసి ఆమెను పుట్టుకతోనే స్వార్థపరురాలు అనుకోకూడదని. స్వార్థం ఆమెకు చదువుతో పాటే వచ్చింది, అదీ కొంచెం కొంచెంగా.

ఆదోనిలో డిగ్రీ ముగించి ఆమె మొదటి నోటిఫికేషన్‌కు కర్నూలు పరుగెత్తింది. పిల్లల సంరక్షణ విభాగంలో ఉద్యోగం. కౌంటరు దగ్గర గుమాస్తా ఆమె కాగితాలు తిరగేసి చూశాడు.

"బీఏనా? బీఏ వాళ్లు బస్సులకు బస్సులు వస్తాండారమ్మా. ఎమ్మెస్‌డబ్ల్యూ ఉంటే రా."

ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సమాజసేవలో పీజీ, కడపలో ఒక ప్రైవేటు కాలేజీలో ఉంది. ప్రభుత్వం ఇచ్చే ఫీజు అక్కడ వర్తించదు. ఆ వేసవిలో గంగక్క నడుము పూర్తిగా పడిపోయింది. డాక్టరు వంగవద్దన్నాడు. రాత్రి అన్నాలప్పుడు దేవేంద్రప్ప ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

"దుడ్లు యాడ తెచ్చేది? గట్టు పక్క సాళ్లు ఎవురన్నా చేస్తే కడప సంగతి చూడొచ్చు. ల్యాకుంటే ల్యా."

ఎవరన్నా అంటే ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. తిరుపతమ్మ కంచంలో వేళ్లు కదుపుతూ కూర్చుంది. ఆ రోజు అంతెత్తున లేవలేదు, మేడంకు చెప్తాననీ అనలేదు. చివరికి శివానే అంది.

"ఒక సీజనే కదక్కా. నేను పోతాలే."

"ఒక్క సీజనే" అంది తిరుపతమ్మ, ఎవరో తరుముతున్నట్టు. "నీ సీటు యాడికీ పోదు. వార్డెనమ్మతో నేను మాట్లాడతా. వచ్చే జూన్‌కు నువ్వు ఎనిమిదిలో ఉంటావు."

తానేమీ పొమ్మనలేదని ఆమె చాలా కాలం తనకు తాను చెప్పుకుంది. పొమ్మనలేదు, నిజమే. ఒక్క మాట అడ్డం వేసి ఉంటే ఆ పిల్ల ఆగేది, ఆ మాట మాత్రం వేయలేదు. ఈ రెంటికీ తేడా ఏమిటో ఎమ్మెస్‌డబ్ల్యూ పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు.

పుస్తకాల్లో తక్కినవన్నీ ఉన్నాయి. పిల్లలకు ఆడుకునే హక్కుంది, చదువుకునే హక్కుంది, తమకు సంబంధించిన విషయాల్లో తమ మాట చెప్పే హక్కుంది. కష్టంలో ఉన్న మనిషి చెప్పేది మధ్యలో అడ్డం పడకుండా వినాలి, తీర్పు చెప్పకూడదు, ఒక్కొక్కరి సమస్యను విడిగా అర్థం చేసుకోవాలి. తిరుపతమ్మ ఇవన్నీ కంఠతా పట్టింది. సెమినార్లలో బాగా మాట్లాడేది. బాలకార్మికుల గురించి ఆమె మాట్లాడితే కడప కాలేజీలో గోడవార పిల్లలు కూడా ఫోన్లు పక్కన పెట్టేవాళ్లు. ఆ మాటలకు ఫీజు కడుతున్న వేళ్లు ఆ గంటలో ఆలూరు పక్క మొగ్గలు విప్పుతున్నాయని ఎవరికీ తెలియదు.

జూన్ వచ్చింది. రెండో ఏడాది ఫీజు కూడా వచ్చింది. ఈసారి ఇంట్లో చర్చ జరగలేదు. శివాని ఒక్కసారి మాత్రం ఫోనులో, "అక్కా, వార్డెనమ్మతో మాట్లాడినావా?" అని అడిగింది. "వచ్చే ఏడు, ఇదొక్కటే" అని అక్క చెప్పింది. శివాని సరేనంది.

ఆ రెండో ఏడాది ప్రతి విద్యార్థీ ఒక అధ్యయనం రాయాలి. తిరుపతమ్మ విత్తనపత్తి చేలల్లో ఆడపిల్లలు అనే అంశం తీసుకుంది. గైడు సారు ఎగిరి గంతేశాడు. ఒక పిల్ల జీవితాన్ని లోతుగా రాయి, అధ్యయనానికి అదే ప్రాణం పోస్తుంది అన్నాడు. దసరా సెలవులకు ఆమె ప్రశ్నల కాగితం పట్టుకొని చేనుకు వచ్చింది. గట్టు మీద కూర్చుంది. చెల్లెలు మొగ్గలు విప్పుతూనే జవాబులు చెప్పింది. మందు కొట్టిన మూడోరోజు కావడంతో చేనంతా ఘాటుగా ఉంది. అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"నీ పేరు రాయనులే. ఎస్ అని రాస్తా" అంది తిరుపతమ్మ.

"పేరు రాసినా నాకేం కాదుక్కా. ఇంగ అడుగు."

"బడి ఎందుకు మానేసినావు? ఇందులో ఏదో ఒకటి చెప్పల్ల. పేదరికం, బడి దూరం, ఇంటి పని, ఆసక్తి లేక."

"ఆసక్తి లేక అంటే ఏందక్కా?"

"చదువు మీద మనసు లేకపోవడం. బడికి పోబుద్ధి కాక మానేసేది."

శివాని చేయి ఆపి అక్క వైపు నిజమైన ఆశ్చర్యంతో చూసింది. "అట్ల మానేసేటోల్లు గూడా ఉంటారా?"

తిరుపతమ్మ పేదరికం దగ్గర టిక్కు పెట్టింది. అక్క చదువు అనే మాట ఆ కాగితంలో లేదు కాబట్టి ఆమె పని సులువైంది. చివరి ప్రశ్నకు వచ్చింది. "పెద్దయినాక ఏం కావాలనుకుంటాండావు?"

"ఎనిమిది."

"అంటే?"

"ఎనిమిదో తరగతి. ముందు అది కావల్ల కదక్కా. ఆమీద చూద్దాం."

ఆ జవాబును తిరుపతమ్మ ఉన్నదున్నట్టు రాసింది. గైడు సారు దాని పక్కన ఎర్రసిరాతో అద్భుతం అని రాశాడు. కాలేజీలో ఆ పేజీ చదివి వినిపించినప్పుడు ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. ఆమెకు ఫస్ట్ క్లాసు వచ్చింది. ఎర్రసిరా చూసినప్పుడు ఒంట్లో ఏదో జరజర పాకినట్టయింది, పక్కనే సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషమే ఆమెను తర్వాత చాలా రాత్రులు పీడించింది.

చదువు ముగించి మళ్లీ కర్నూలు పోయింది. ఈసారి నోటిఫికేషన్‌లో ఇంకో వాక్యం చేరింది. పిల్లలతో రెండేళ్లు పనిచేసిన అనుభవం ఉండాలి. ఆమె ఆ వాక్యం ముందు నిలబడి నవ్వింది. చేలో గడిపిన కాలం పిల్లలతో పనిచేసిన అనుభవం కిందికి రాదా అని అడగబుద్ధయింది. అడిగితే పిచ్చిదనుకుంటారు. పత్తికొండలో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరింది. వాళ్లిచ్చేది బస్సు చార్జీలకు, గది అద్దెకు బొటాబొటిగా సరిపోయేది. ఇంటికి పంపడానికి ఏమీ మిగిలేది కాదు. గట్టు పక్క సాళ్లు ఆగలేదు.

ఆ సంస్థలో ఆమె నిజంగానే బాగా పనిచేసింది. కాలికి బలపం కట్టుకొని ఊరూరూ తిరిగింది. ఒక ఊళ్లో కంబన్న అనే రైతు కూతురిని క్రాసింగుకు పంపుతున్నాడు. నాలుగుసార్లు ఇంటికి పోయినా లొంగలేదు. చివరికి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి అడిగాడు.

"అంతా బాగనే చెప్తాండావు మేడం. మీదీ ఈ పక్కనే అంట గదా. మీ ఇంట్లో ఆడపిల్లలు ఉండారా? వాళ్లను బడికి పంపిస్తాండారా?"

తిరుపతమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "మా చెల్లెలు ఎనిమిదిలో ఉండాదన్నా."

"నిజమేనా?"

"నిజమే. హాస్టల్లో."

కంబన్న మరునాడు కూతురిని బడిలో దించాడు. అబద్ధంతో ఒక పిల్ల బాగుపడింది, సంస్థ రిపోర్టులో విజయగాథ అయింది. ఆ సాయంత్రం తిరుపతమ్మ బస్టాండులో బస్సు ఎక్కకుండా చాలాసేపు కూర్చుంది. ఇంటికి పోయి శివానిని లాక్కొచ్చి ఎక్కడైనా చేర్పిస్తే పోలేదా అనుకుంది. చేర్పిస్తే ఇల్లు గడిచేదెట్లా, గంగక్క మందులెట్లా, వేరే పని చూసుకుందామని సంస్థలో ఈ ఏడాది మధ్యలో మానేస్తే అనుభవం కాగితం రాదే. ఇంతదూరం వచ్చి ఇప్పుడు వదిలేస్తే చెల్లెలు పడిన కష్టమంతా బూడిదలో పోసినట్టు కదా. ఈ చివరి మాట ఆమెకు చాలా నచ్చింది. చెల్లెలి కష్టం వృథా కాకూడదంటే చెల్లెలు ఇంకొంచెం కష్టపడాలి. బస్సు వచ్చింది, ఎక్కి గదికి పోయింది.

అనుభవం కాగితం వచ్చేసరికి కంప్యూటరు సర్టిఫికెట్ అడిగారు. అది తెచ్చేసరికి ఎవరో కోర్టుకు పోయి నియామకాలు ఆగాయి. శివాని ఈలోపు ఎనిమిదో తరగతి వయసు దాటిపోయింది. హాస్టలు సీటు ఎవరికో పోయింది. ఓపెన్ స్కూల్లో పది కట్టిస్తానని అక్క ప్రతి జూన్‌లోనూ చెప్పేది. శివాని అడగడం మానేసింది. పిల్ల పొడుగైంది. పొడుగైన పిల్ల సాళ్లలో వంగాలి, వంగితే పని సాగదు. అయినా ఏటా సీజనుకు పోతూనే ఉందని తల్లి ఫోనులో చెప్పేది. పోయి ఏం చేస్తోందని తిరుపతమ్మ అడగలేదు. అడగకుండా ఉండడం అప్పటికి బాగా అలవాటైంది.

కోర్టు కేసు తేలి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. లోపలికి పోయేసరికి మధ్య కుర్చీలో సుందరలక్ష్మి మేడం. జుట్టు నెరిసింది, అద్దాలు వచ్చాయి, గొంతు మాత్రం అదే. కాగితాల్లో ఊరి పేరు చూసి తలెత్తింది.

"నువ్వు... ఆ పువ్వు పట్టుకొని నిలబడిన పిల్లవు కదా?"

తిరుపతమ్మకు ఏడుపు ఆగలేదు. మేడం పక్కనున్న ఇద్దరు అధికారులకు ఆ కథంతా చెప్పింది. వాళ్లు కుర్చీల్లో సర్దుకొని ఆమెను గౌరవంగా చూశారు. డిగ్రీ ఉంది, ఎమ్మెస్‌డబ్ల్యూ ఉంది, అనుభవముంది, కంప్యూటరు ఉంది. ఇంక అడగడానికి ఏముంది? మేడం ఆప్యాయంగా అడిగింది.

"ఇంట్లో ఇంకెవరున్నారమ్మా?"

"చెల్లెలుంది మేడం."

"ఏం చదువుతోంది?"

"మానేసింది మేడం."

"అయ్యో. ఎందుకు?"

నిజం చెబితే ఆ గదిలో తన కథ ఏమవుతుందో తిరుపతమ్మకు తెలుసు.

"ఆసక్తి లేక."

ముగ్గురూ జాలిగా తలూపారు. అలాంటివాళ్లను ఏం చేయలేం అన్నాడు పక్క అధికారి. ఆ నెలలోనే ఉద్యోగం కాగితం వచ్చింది.

పత్తికొండలో మునిరత్నం తన అంగడి ముందు సన్మానం పెట్టాడు. శాలువా కప్పి, మా చేలో పనిచేసిన బిడ్డ ఈ పొద్దు జిల్లా ఆఫీసులో మేడమైంది, మాకు శానా గర్వంగా ఉండాది అని చెప్పాడు. సిగ్గు అనే సరుకు ఆ అంగట్లో ఏనాడూ అమ్మలేదు. తిరుపతమ్మ ఆ శాలువా కప్పించుకుంది. ఫొటోలో దేవేంద్రప్ప, గంగక్క ఉన్నారు. శివాని రాలేదు. ఆ రాత్రి తిరుపతమ్మ ఫోను చేసి, "జీతం రాగానే నిన్ను కర్నూలు పిలుచుకొస్తా, పది కట్టిస్తా" అంది. శివాని "సూద్దాంలేక్కా" అని ఫోను పెట్టేసింది.

కాంట్రాక్టు ఉద్యోగం, జీతం నెలల తరబడి రాలేదు. క్రాసింగు సీజను మాత్రం వేళకే వచ్చింది. ఆలూరుకు అవతల ఒక ఊరి చేలో చిన్నపిల్లలున్నారని ఎవరో ఆఫీసుకు ఫోను చేశారు. సుందరలక్ష్మి మేడం తిరుపతమ్మను జీపెక్కించుకుంది. చిన్నప్పుడు బయట నుంచి చూసిన జీపులో ఆమె మొదటిసారి కూర్చొని చేను చేరింది.

జీపు ఆగగానే పిల్లలు కందిచేల వైపు పరుగెత్తారు. అంతా మారింది గానీ ఆ పరుగు మారలేదు. గట్టు పక్క ఒక పిల్ల మాత్రం మిగిలింది. పరికిణీకి పాతచొక్కా, చేతిలో మగపువ్వు. పదేళ్లుంటాయేమో. తిరుపతమ్మ గట్టు దిగి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నీ పేరేంది పాపా?"

"గిడ్డమ్మ."

"నువ్వెందుకు ఉరకలేదు?"

"ఈ పువ్వు అద్దేసి పోదామని."

మేడం దగ్గరికొచ్చి అడిగింది. "ఇవి ఎవరి సాళ్లమ్మా? నీవేనా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. "నావి కాదు. ఇవి తిరుపతమ్మ సాళ్లు."

"నీ పేరే!" అని మేడం నవ్వింది. "ఎవరా తిరుపతమ్మ?"

"ఏమో మేడం. అంతా అట్లనే అంటారు. మా శివానక్క నన్ను ఈడ నిలబెట్టింది."

"ఈ పక్క శానామందికి ఉంటాది మేడం ఈ పేరు" అంది తిరుపతమ్మ.

మేస్త్రిని పిలవమని మేడం కేకేసింది. చేను మధ్య నుంచి తలగుడ్డ చుట్టుకున్న పొడుగాటి అమ్మాయి నింపాదిగా నడిచొచ్చింది. శివాని. పద్దెనిమిదేళ్లకే ముప్పై ఏళ్ల మొహం. వేళ్ల చివర్లు మందుకు పగిలి నల్లబడి ఉన్నాయి. ఊరూరూ తిరిగి చిన్నపిల్లలను వెతికి తెచ్చే పని మునిరత్నం రెండేళ్ల కిందట ఆమెకు అప్పగించాడు. సాళ్ల పనిలో ఆమెను మించినవాళ్లు లేరు, పిల్లలకు ఆమె అంటే భయం లేదు. అంతకంటే మంచి మేస్త్రి ఎక్కడ దొరుకుతుంది?

అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఇప్పుడు అక్కా అని పిలుస్తుంది, అంతా బయటపడుతుంది అనుకుంది తిరుపతమ్మ. పడితే పడనీ, పడితేనే బాగుండు అని కూడా అనుకుంది. ఆ ధైర్యం తన నోటితో తాను చేయలేక చెల్లెలి నోటికి వదిలేసింది, ఎప్పటిలాగే.

"నమస్తే మేడం" అంది శివాని, ఇద్దరికీ కలిపి.

చేను ఎవరిదని మేడం అడిగింది. పెద్ద ఈరన్నది. ఆయన సుగ్గికని, కూలిపనులకు గుంటూరు పోయినాడు. గుత్తకు పట్టిందెవరు? తెలీదంది శివాని. మునిరత్నం పేరు చెబితే ఏం లాభం, గుత్త నోటిమాటే కదా, కాగితాల మీద ఆయన పేరెక్కడా లేదు. అది తిరుపతమ్మకు బాగా తెలుసు, అధ్యయనంలో ఒక పేజీ దాని గురించే రాసింది. చేలో దొరికిన పెద్ద వయసు మనిషి మేస్త్రి ఒక్కతే. పద్నాలుగేళ్ల లోపు పిల్లను పనిలో పెట్టినట్టు కేసు మేస్త్రి మీదే.

"వివరాలు రాసుకోమ్మా" అని మేడం జీపు నీడలోకి జరిగింది.

తిరుపతమ్మ కాగితాలు తీసింది. పేరు శివాని. తండ్రి పేరు అడగలేదు, దేవేంద్రప్ప అని తనే రాసేసింది. వయసూ అడగలేదు. తర్వాతి గడి దగ్గర కలం ఆగిపోయింది. అది అడగాలి, మేడం వింటోంది.

"చదువు?"

"ఏడు పాసు మేడం."

సుందరలక్ష్మి మేడానికి మొదటి నుంచీ ఉన్న మంచి అలవాటు అది, ఎవరు కనబడినా అడుగుతుంది. జీపు దగ్గరి నుంచే అడిగింది. "ఏడుతోనే ఎందుకు మానేశావమ్మా?"

శివాని మేడం వైపు చూడలేదు. అక్క చేతిలోని కలం వైపు చూసింది. గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. కొన్నేళ్ల కిందట ఇలాంటి గట్టు మీదే నేర్చుకున్న మాటను గుర్తు తెచ్చుకొని చెప్పింది.

"ఆసక్తి లేక మేడం."

మేడం నిట్టూర్చింది. "అది కూడా రాసుకోమ్మా తిరుపతమ్మా" అంది.

తిరుపతమ్మ రాసుకుంది.